లెక్కకు రాని చిరునామా: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ నేపథ్యంలో బస్తీ ఆరోగ్య గణాంకాలపై విమర్శ

వ్యాస సంగ్రహం

ప్రజారోగ్య విధానానికి ఆధారమయ్యే గణాంకాలను ఏ స్థలప్రమాణంలో సేకరిస్తున్నారు, ఆ ప్రమాణం ఎవరిని చూపుతుంది, ఎవరిని మరుగుపరుస్తుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలు దీనికి క్షేత్రం. సర్వే ఫారం, ప్రకటన, రిజిస్టరు కూడా పాఠాలేనని, వాటి పరిభాషను సాహిత్య విమర్శ పద్ధతిలో చదవవచ్చునని ఈ వ్యాసం భావిస్తుంది. వసతిగృహాలలో ఉండే ఉద్యోగార్థులు, నాలా ఒడ్డున ఉండే కుటుంబాలు ఈ లెక్కలలో ఎక్కడ జారిపోతున్నారో చూపడం ప్రధాన లక్ష్యం.

కీలక పదాలు: బస్తీ, వార్డు, ప్రజారోగ్యం, గణాంకాలు, సమానత, వసతిగృహం, నాలా, పరిభాష

బస్తీ అనే మాట

'బస్తీ' అన్న మాటకు తెలుగులో రెండు బతుకులున్నాయి. కోస్తా జిల్లాల వాడుకలో బస్తీ అంటే పట్నం. పల్లెటూరి మనిషి కొనుగోళ్ళకో కచేరీ పనికో బస్తీకి వెళ్తాడు. హైదరాబాదు తెలుగులో, దక్కనీ ఉర్దూలో బస్తీ అంటే పట్నంలోపలి నివాసం, ఇరుగుపొరుగుల సముదాయం. కాలక్రమంలో దాని మీద పేదల వాడ అన్న అర్థం గట్టిపడింది. ఒకే మాట ఒకచోట సంపన్నతకు, మరొకచోట లేమికి గుర్తు అయింది. 2018లో హైదరాబాదులో మొదలైన 'బస్తీ దవాఖానా' ఈ రెండో అర్థాన్నే ప్రభుత్వ పరిభాషగా స్థిరపరచింది. ఐదు నుంచి పదివేల జనాభాకు ఒక చిన్న వైద్యశాల, అందులో ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు అన్నది దాని ఊహ. పేరులోనే ఒక గణాంక నిర్ణయం దాగి ఉంది. ఎవరు బస్తీలో ఉన్నారో ముందుగా తేల్చుకున్న తర్వాతే దవాఖానా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

అట్లాంటి మాటే మరొకటి ఈ ప్రాంతానికి పక్కనే ఉంది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రి 1915లో అంటువ్యాధిగ్రస్తులను వేరుగా ఉంచే వైద్యశాలగా ప్రారంభమై, తర్వాత ఇప్పుడున్న చోటికి మారింది. ఇప్పుడు దానికి సర్ రొనాల్డ్ రాస్ పేరు ఉన్నా పాతతరం వారు 'కోరంటి దవాఖానా' అనే అంటారు. 'క్వారంటైన్' జనం నోట నలిగి 'కోరంటి' అయింది. నూరేళ్ళ తర్వాత 2020లో అదే మాట మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం 'క్వారంటైన్' గానే మిగిలిపోయింది, దాని వెంట 'కంటైన్‌మెంట్ జోన్' కూడా వచ్చింది. మొదటిసారి ఆ మాట ఒక గుట్టను, ఒక భవనాన్ని చూసిన మనుషుల నోట పుట్టింది. రెండోసారి ఉత్తర్వుల నుంచి, రోజువారీ ప్రకటనల నుంచి దిగింది. తాను నివసించే వీధి గురించిన సమాచారం తన భాషలో తనకు చేరనప్పుడు పౌరుడు దానిని తనదిగా చేసుకోలేడన్నది ఈ తేడాలో కనబడుతుంది. భాషాశాస్త్రవేత్తలు దీనిని ధ్వనిమార్పు సమస్యగా చూడవచ్చు. ప్రస్తుత వ్యాసకర్తకు ఇది అధికార సంబంధాల సమస్యగా తోస్తుంది.

సగటు చెప్పనిది

2021 తొలి నెలల్లో సి.సి.ఎం.బి., జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాదులో ఒక రక్తపరీక్షా సర్వే చేశాయి. నగరపాలక సంస్థ పరిధిలోని 150 వార్డులలో 30 వార్డులను ఎంచుకుని, సుమారు 9,000 మంది నుంచి నమూనాలు సేకరించాయి. ఫలితంగా వెలువడిన అంకె 54 శాతం. నగరంలో సగానికి పైగా జనంలో కొవిడ్ ప్రతిరక్షకాలు ఉన్నాయని దాని అర్థం. అట్లా ప్రతిరక్షకాలు ఉన్నవారిలో నూటికి 75 మందికి తమకు వ్యాధి సోకిన సంగతే తెలియదని కూడా ఆ అధ్యయనం చెప్పింది. పత్రికలకు శీర్షిక 54 శాతమే అయింది. కాని అదే ప్రకటనలో మరో వాక్యం ఉంది. చాలా వార్డులు 50 నుంచి 60 మధ్య ఉండగా, కొన్ని వార్డులలో అది 70 దాకా వెళ్ళింది, కొన్నింటిలో 30 దగ్గరే ఆగింది.

వార్డుకు సుమారు 300 నమూనాలు అనుకుంటే, గణాంకశాస్త్రంలోని సామాన్య సూత్రం ప్రకారం ఫలితంలో ఐదారు శాతం అటూ ఇటూ ఊగిసలాట ఉంటుంది. ఒకే ఇంటివారి నుంచి, ఒకే వీధి నుంచి నమూనాలు గుంపుగా వస్తే అది ఇంకొంత పెరుగుతుంది. అయినా 30కి, 70కి మధ్య దూరం ఆ ఊగిసలాటతో తీరేది కాదు. ఒకే నగరంలో, ఒకే నెలలలో, రెండు వార్డుల అనుభవాలు అంత వేరుగా ఉన్నాయన్నమాట. విధానానికి పనికివచ్చే సమాచారం ఆ దూరంలోనే ఉంది. ఎక్కడ ఇళ్ళు ఇరుకు, ఎక్కడ ఒకే గదిలో ఐదుగురు, ఎక్కడ పనికి పోక తప్పని మనుషులు అన్న ప్రశ్నలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. శీర్షిక మాత్రం వాటిని 54లో కలిపేసింది.

దీనికి కొన్ని నెలల ముందు, 2020 ఆగస్టులో, సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలు మురుగునీటిలో వైరస్ జాడను కొలిచి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వ్యాధి సోకి ఉండవచ్చునని అంచనా వేశారు. మనిషిని సూదితో గుచ్చకుండా, పేరు అడగకుండా, భయపెట్టకుండా తెలుసుకునే మార్గమది. అందులో ఒక సమానత్వం ఉంది. పరీక్ష చేయించుకునే స్తోమత ఉన్నవాడూ లేనివాడూ మురుగులో సమానంగానే లెక్కకొస్తారు. కాని శుద్ధి కేంద్రాలకు చేరుతున్నది నగరపు మురుగులో సుమారు 40 శాతమేనని ఆనాటి ప్రకటనే చెప్పింది. మిగిలినది నాలాలలో, చెరువులలో, చివరకు మూసీలో కలుస్తుంది. శుద్ధి కేంద్రం దగ్గర పట్టిన నమూనాలో కనబడనివారు ఎవరో ఊహించడం కష్టం కాదు.

ఇక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2015-16 నాటి నాలుగో విడత నుంచి అది జిల్లాల వారీగా ఫలితాలు ఇస్తున్నది. గ్రామీణ జిల్లాలకు అది పెద్ద మేలు. హైదరాబాదు జిల్లాలో 2011 జనగణన నాటికే 39 లక్షలకు పైగా జనాభా ఉంది. అంతమందికి రక్తహీనత గురించి గాని, రక్తపోటు గురించి గాని ఒకే ఒక్క అంకె. బంజారాహిల్స్, భోలక్‌పూర్ అందులో ఒకే వరుసలో నిలబడతాయి.

నాలా గీసిన హద్దు

హుస్సేన్ సాగర్ మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా ఈ మూడు పేటలకూ ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి భయం కూడా. ఇందిరా పార్కు వైపు నుంచి దోమలగూడ, అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ పరిసరాలను తాకుతూ బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా అంబర్‌పేట దిశగా సాగుతుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు దీని ఒడ్డున ఉన్న కాలనీలు నీట మునిగాయి. 2020 అక్టోబరులోనూ నగరంలోని పల్లపు ప్రాంతాలు మళ్ళీ మునిగాయి. (దోమలగూడ అన్న పేరుకు వ్యుత్పత్తి ఏదైనా కావచ్చు. మలేరియా దోమ గుట్టును రొనాల్డ్ రాస్ 1897లో విప్పింది ఇక్కడికి కొద్ది మైళ్ళలో ఉన్న బేగంపేటలో అన్నది మాత్రం చరిత్ర. ఆ నగరంలోనే ఒక పేటకు ఈ పేరు మిగలడం చూసి ఎవరికైనా చిన్న నవ్వు వస్తుంది.)

నీరు నాలా వెంట పోతుంది, దోమ నీటి వెంట పోతుంది. పరిపాలన మాత్రం ఆ దారిలో పోదు. ఈ కొద్దిపాటి నేల మీద పోలీసు ఠాణా హద్దు ఒకటి, పిన్‌కోడు హద్దు ఒకటి, జలమండలి డివిజను ఒకటి, విద్యుత్ సంస్థ సెక్షను ఒకటి, నగరపాలక వార్డు మరొకటి. ఒకదాని గీత మరొకదానిపై పడదు. కలుషిత జలం ఫిర్యాదు జలమండలి హద్దులో నమోదవుతుంది, విరేచనాల కేసు ఆరోగ్యశాఖ హద్దులో నమోదవుతుంది, చెత్త ఫిర్యాదు వార్డు హద్దులో నమోదవుతుంది. ఈ మూడూ ఒకే నాలా ఒడ్డున, ఒకే వారంలో జరిగినా ఒకే కాగితం మీదికి రావు.

కాగితాలు కలవకపోతే ఏమవుతుందో తెలియడానికి దూరం పోనక్కరలేదు. చిక్కడపల్లికి దగ్గరలోనే ఉన్న భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో తాగునీరు కలుషితమై పలువురు చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. తోళ్ళ వ్యాపారానికి, పాత సామాను వ్యాపారానికి పేరుపడ్డ శ్రామికుల వాడ అది. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో మరణాలను ఇంటింటి వారీగా పటం మీద గుర్తించి, అవి ఒక నీటి పంపు చుట్టూ ముసురుకున్నాయని చూపాడు. ప్రజారోగ్య పాఠ్యపుస్తకాలన్నీ ఆ కథతోనే మొదలవుతాయి. స్నోకు పంపు, మరణం రెండూ ఒకే పటం మీద ఉండడమే అక్కడి కిటుకు. నూట యాభై ఏళ్ళ తర్వాత ఒక మహానగరంలో గొట్టపు మార్గాల పటం ఒక కార్యాలయంలో, రోగుల జాబితా మరొక కార్యాలయంలో ఉంటే స్నో కూడా చేయగలిగింది ఏమీ లేదు.

హద్దులు స్థిరంగానూ ఉండవు. పూర్వపు హైదరాబాదు నగరపాలక సంస్థకు 100 డివిజన్లు ఉండేవి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల పురపాలికలను కలిపి మహా హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడ్డాక అవి 150 వార్డులయ్యాయి. 2025 చివరలో మరికొన్ని పురపాలికల విలీనంతో మళ్ళీ పునర్విభజన జరిగింది. ప్రతి పునర్విభజనతో వెనకటి వార్డు లెక్క ఇప్పటి వార్డు లెక్కతో పోల్చడానికి పనికిరాకుండా పోతుంది. ఎన్నికల కోసం గీసిన గీతను ఆరోగ్యం కోసం వాడుకోవడంలోని చిక్కు ఇది. నాలా, మురుగు గొట్టం, మంచినీటి గొట్టం ఇంత తరచుగా దారి మార్చుకోవు. గణాంక ప్రమాణంగా వార్డు కంటే నాలా పరీవాహకం మేలైనదని చెప్పడానికి ఇదొక్క కారణమే చాలు.

'తేలియాడే' మనుషులు

అశోక్ నగర్ పేరు వినగానే తెలుగు విద్యార్థులకు తట్టేది శిక్షణ కేంద్రాలు. గ్రూప్-1, గ్రూప్-2, పోలీసు ఉద్యోగాలు, బ్యాంకు ఉద్యోగాలు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం తెరవకముందే గేటు దగ్గర సంచులతో నిలబడే యువతీయువకులు ఎక్కువగా ఈ వీధులలోని వసతిగృహాలలోనే ఉంటారు. మనలో బోధనావృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇక్కడ కనీసం నలుగురు పాత విద్యార్థులు ఉంటారు. తెలుగు ఎం.ఏ. చదివినవారికి ఇది దాదాపు రెండో విశ్వవిద్యాలయం.

ప్రణాళికా పత్రాలు ఇట్లాంటివారిని 'తేలియాడే జనాభా' అంటాయి. ఆ పదబంధాన్ని కొంచెం ఆగి చూడవలసి ఉంది. తేలియాడేది నీటిమీద ఆకు. దానికి వేరు లేదు, రేపు ఇక్కడ ఉండదు, దాని కోసం నేల దున్నరు. ఈ రూపకం ఒక బడ్జెటు నిర్ణయాన్ని చడీచప్పుడు లేకుండా మోస్తున్నది. వాస్తవం చూద్దాం. తెలంగాణ తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో 503 ఉద్యోగాలకు వెలువడింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ తర్వాత 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలతో కొత్త ప్రకటన వచ్చింది. ప్రధాన పరీక్ష 2024 అక్టోబరులో జరిగింది. మొదటి ప్రకటన చూసి సామాను సర్దుకుని వచ్చిన అభ్యర్థి ప్రధాన పరీక్ష రాసేనాటికి రెండున్నరేళ్ళు గడిచాయి. రెండున్నరేళ్ళు ఒకే మంచం మీద పడుకుని, ఒకే కుళాయి నీళ్ళు తాగి, ఒకే నాలా వాసన పీల్చిన మనిషిని తేలియాడేవాడని అనడం భాషాపరంగానే తప్పు.

ఆ మనిషి ఎక్కడ లెక్కకొస్తాడు? 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపి, కోటికి పైగా కుటుంబాల వివరాలు సేకరించింది. ఒక్క రోజులో అంత పని చేయడం పరిపాలనా చరిత్రలో చెప్పుకోదగ్గదే. దాని ప్రమాణం పేరులోనే ఉంది, అది కుటుంబం. ఆ రోజు ఊళ్ళో లేకపోతే రేషన్‌కార్డు నుంచో పింఛను నుంచో పేరు పోతుందేమోనన్న భయంతో హైదరాబాదు నుంచి జనం బస్సులలో, రైళ్ళలో కిక్కిరిసి సొంత ఊళ్ళకు వెళ్ళారు. నగరం ఆ రోజు ఖాళీ అయింది. వసతిగృహపు యువకుడు తల్లిదండ్రుల పక్కన నిలబడి, నల్లగొండ జిల్లా ఊరిలోనో పాలమూరు ఊరిలోనో ఒక సభ్యుడిగా నమోదై, మర్నాడు తిరిగి వచ్చాడు. అతని పేరు ఆ ఊరిలో ఉంది, అతని ఊపిరితిత్తులు ఇక్కడ ఉన్నాయి. సర్వే సంక్షేమానికి ఉద్దేశించినది కాబట్టి ఆ ప్రమాణం సహేతుకమే కావచ్చు. అదే జాబితాను ఆరోగ్య సేవల అంచనాకు వాడుకుంటేనే అన్యాయం మొదలవుతుంది.

జనగణన ఈ విషయంలో కొంత నయం. ఉమ్మడి వంటగది మీద ఆధారపడి కలిసి ఉండే సంబంధంలేని వ్యక్తుల సమూహాన్ని 'సంస్థాగత కుటుంబం' అన్న ప్రత్యేక వర్గంగా అది గుర్తిస్తుంది. వసతిగృహాలు, మెస్‌లు ఇందులోకి వస్తాయి. కాని చివరి జనగణన 2011 నాటిది. అశోక్ నగర్‌లో ఇంటి వెనక ఇల్లు వసతిగృహంగా మారడం ఎక్కువగా జరిగింది ఆ తర్వాతి కాలంలోనే. మూడు గదుల ఇంటిని చెక్క పలకలతో పన్నెండు మంచాలుగా విడగొట్టినప్పుడు అది పురపాలక పత్రాలలో నివాసగృహమే. ఉమ్మడి వంటగది కూడా లేకపోతే, అంటే భోజనం బయటి మెస్సులో అయితే, ఆ పన్నెండుమంది ఏ వర్గం కిందికి వస్తారో లెక్కించేవారి విచక్షణకు వదిలినట్టే.

ఇదంతా పద్ధతి చర్చ మాత్రమే కాదు. వర్షాకాలంలో అట్లాంటి వసతిగృహంలో ఒకరికి డెంగీ వచ్చిందనుకుందాం. జాతీయ కార్యక్రమ నియమాల ప్రకారం ఎలైసా పద్ధతిలో తేలిన కేసే ధ్రువీకరించిన కేసు. వీధి చివరి ప్రైవేటు క్లినిక్కులో త్వరిత పరీక్ష కార్డు మీద తేలినది అనుమానిత కేసుగానే ఉంటుంది. కేసు ధ్రువీకరణ జరిగితేనే ఆ ఇంటి చుట్టుపక్కల దోమల లార్వా నివారణ చర్యలు పద్ధతి ప్రకారం మొదలవుతాయి. ఒకవేళ పరీక్ష సరైనచోటే జరిగినా, చిరునామా గడిలో ఆధార్ కార్డు మీది ఊరిపేరు రాసుకుంటే ఆ జ్వరం వంద కిలోమీటర్ల దూరంలోని పల్లె లెక్కలో చేరుతుంది. అక్కడ దోమల మందు కొడతారు. ఇక్కడ పక్క మంచం మీది మనిషికి జ్వరం వస్తుంది.

మానసిక ఆరోగ్యం విషయంలో లెక్క ఇంకా పలచన. 2023 అక్టోబరులో అశోక్ నగర్‌లోని ఒక వసతిగృహంలో ఒక ఉద్యోగార్థిని ఆత్మహత్య చేసుకున్నప్పుడు వేలమంది యువత రాత్రంతా రోడ్డు మీద నిలబడ్డారు. ఆ రాత్రి తర్వాత చర్చ ఆమె మరణానికి కారణమేమిటన్న రాజకీయ వాదంగా మారిపోయింది. ఆ వీధులలో అప్పటికి ఎంతమంది నిద్రపట్టక మందులు వాడుతున్నారు, ఎంతమంది సలహా కోసం ఎవరినైనా కలిశారు అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆత్మహత్యల జాతీయ నివేదికలు రాష్ట్రాల, మహానగరాల స్థాయిలో అంకెలు ఇస్తాయి. ఒక పేటలో, ఒకే వయస్సు వారిలో, ఒకే పరీక్షల క్యాలెండరుకు కట్టుబడి ఉన్న ఒత్తిడిని ఆ స్థాయి నుంచి చూడడం సాధ్యం కాదు.

ఆహారం గురించి ఒక చిన్న మాట. నగరంలో 2014 నుంచి 5 రూపాయల భోజన కేంద్రాలు నడుస్తున్నాయి. రోజూ ఏ కేంద్రంలో ఎన్ని భోజనాలు అమ్ముడయ్యాయన్నది నిర్వాహకులకు తెలిసే అంకె. నెల చివరి వారంలో ఒక కేంద్రం దగ్గర వరుస పెరిగితే అది ఆ పేట పోషకాహార స్థితిపై ఎవరూ కోరకుండానే వచ్చిన నివేదిక. మనం దానిని వంటగది లెక్కగా చూస్తున్నాం గాని ఆరోగ్య గణాంకంగా చదవడం లేదు.

నారాయణగూడకు చేరే నమూనాలు

ఈ పరిశీలనలో విచిత్రమైన విషయం ఒకటుంది. నగరపు బస్తీల రక్తం రోజూ నారాయణగూడకే వస్తుంది. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రాంగణంలో 2018 జూన్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల ప్రారంభమైంది. బస్తీ దవాఖానాలలో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తీసిన నమూనాలు వాహనాలలో ఇక్కడికి చేరతాయి, ఉచితంగా పరీక్షలు జరుగుతాయి, ఫలితం రోగికి అందుతుంది. ప్రైవేటు ప్రయోగశాలలకు వందలు, వేలు చెల్లించలేని కుటుంబాలకు ఇది చేసిన మేలు తక్కువది కాదు. అదే సంస్థలో నీటి పరీక్షలు, ఆహార పరీక్షలు జరుగుతాయి, కుక్కకాటు టీకాలు వేస్తారు. అంటే ఒక పేట చక్కెర వ్యాధి, ఆ పేట తాగే నీరు, ఆ పేట వీధికుక్కలు మూడింటి సమాచారం ఒకే ప్రహరీగోడ లోపల ఉంది.

కుక్కకాటు రిజిస్టరునే తీసుకుందాం. చిరునామా గడిని సరిగా నింపితే అది నగరంలోని వీధికుక్కల బెడదకు పటం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. బతుకుదెరువు కోసం నగరానికి వచ్చిన కుటుంబం వారిది. ఆ దారుణం తర్వాత నగరమంతటా ఒకేసారి చర్యలు ప్రకటించారు. ఏ వీధిలో అంతకుముందు కాట్లు పెరుగుతూ వచ్చాయన్న ప్రశ్నకు జవాబు చెప్పగల కాగితం ప్రతి టీకా కేంద్రంలోనూ ఉంటుంది.

ప్రయోగశాల దృష్టి వ్యక్తి మీద ఉండడం సహజం. వైద్యుడికి కావలసింది ఈ రోగి చక్కెర ఎంత అన్నదే. వ్యక్తి నివేదికను వీధి నివేదికగా మార్చడం వేరే పని, అది గణాంకవేత్త పని, దానికి జీతమిచ్చి మనిషిని పెట్టాలి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాలు ఈ పనిని ఊహించాయి. యాభైవేల జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం, రెండు నుంచి ఐదు వందల ఇళ్ళకు ఒక ఆశా కార్యకర్త, యాభై నుంచి వంద ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి అన్న నిర్మాణంతో పాటు, దుర్బల సమూహాల పటాలు తయారు చేయాలని కూడా అవి చెప్పాయి. రాతలో ఈ పత్రం గొప్పది. దాని లోపం లెక్కింపు యూనిట్లలో ఉంది. ఆశా కార్యకర్త లెక్క ఇళ్ళతో, మహిళా సమితి లెక్క గృహిణులతో. పన్నెండు మంచాల గదిలో తలుపు తట్టినప్పుడు గర్భిణి లేదు, పసిబిడ్డ లేదు, వృద్ధులు లేరు. ఆమె రిజిస్టరులోని గడులన్నీ ఖాళీగా మిగిలి, ఆ ఇల్లు ఆరోగ్యంగా ఉన్నట్టు కనబడుతుంది. తప్పు ఆమెది కాదు, ఆ గడులను గీసినవారిది. దవాఖానా పనివేళలు కూడా పగటివే. ఆ వేళకు వారు తరగతిలోనో గ్రంథాలయంలోనో ఉంటారు.

గోడ మీది ఎర్ర అక్షరాలు

ఇంతవరకు చేసిన వాదన విని, అయితే ప్రతి వీధినీ లెక్కించి పటం మీద పెట్టేద్దామని ఎవరైనా అంటే అక్కడ ఆగవలసిందే. పేట గురించి వివరంగా తెలిసిన ప్రభుత్వం ఆ పేటకు మేలే చేస్తుందన్న హామీ చరిత్రలో లేదు. 1908 సెప్టెంబరు మూసీ వరదలు, 1911లో వచ్చిన ప్లేగు తర్వాత 1912లో హైదరాబాదులో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. అది వెడల్పైన రోడ్లు, గాలి వెలుతురు ఉన్న ఇళ్ళు కట్టింది. అదే చేతితో ఇరుకు వాడలను అనారోగ్యకరమని గుర్తించి కూల్చింది కూడా. 'అనారోగ్యకర ప్రాంతం' అన్న ముద్ర వైద్య పదంగా మొదలై భూసేకరణ పదంగా ముగిసింది. 2024లో మూసీ ఒడ్డున సర్వే చేసిన సిబ్బంది ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్.బి.-ఎక్స్' అని రాసిపోయారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు అని దాని భావమట. తెలుగు, ఉర్దూ మాట్లాడే ఇంటి గోడ మీద ఆ ఇంటివారికి అర్థం కాని మూడు ఇంగ్లిషు అక్షరాలు! వారి గురించిన సమాచారం వారికి తప్ప అందరికీ తెలుసునన్న దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1899లో ప్రచురించిన ఫిలడెల్ఫియా అధ్యయనం ఈ సందర్భంలో పనికొస్తుంది. నల్లజాతివారు ఎక్కువగా ఉండే ఏడో వార్డులో ఇంటింటికీ తిరిగి ఆయన వివరాలు సేకరించాడు. నల్లవారిలో మరణాల రేటు ఎక్కువగా ఉండడానికి జాతి కారణమని ఆ రోజుల్లో చదువుకున్నవారు సైతం నమ్మేవారు. ఇళ్ళు, పని, ఆదాయం, పారిశుధ్యం కారణమని ఆయన అవే అంకెలతో చూపాడు. ఏ అంకెతో ఒక పేటను నిందించారో ఆ అంకెతోనే దానిని సమర్థించవచ్చు. లెక్కించినవాడు ఆ మనుషుల పక్షాన నిలబడి లెక్కించాడా, ఎవరికి జవాబు చెప్పుకోవాలనుకున్నాడు అన్నవి నిర్ణాయకమయ్యాయి.

సంఖ్య చిన్నదైనకొద్దీ గోప్యత సమస్య పెద్దదవుతుంది. ఒక వీధిలో క్షయరోగి ఒక్కరే ఉంటే వీధి పేరు చెప్పడం ఆ మనిషి పేరు చెప్పడమే. 2020 ఏప్రిల్‌లో వీధి మొదట్లో కట్టిన బ్యారికేడు వెనక ఉన్న ఇల్లు ఏదో పేటంతటికీ తెలిసిపోయింది. అద్దె ఇళ్ళలో ఉన్నవారికి దాని ఫలితం ఏమిటో విడిగా చెప్పనవసరం లేదు. పైగా చిన్న నమూనాలో అంకె నిలకడగా ఉండదు. 300 నమూనాల వార్డులో వసతిగృహాలవారు ఇరవైమందే పడితే, వారి గురించి చెప్పే శాతం ఇరవైకి పైగా అటూ ఇటూ ఊగుతుంది. అట్లాంటి అంకెతో విధానం చేయకూడదు. ఈ రెండు ఇబ్బందులకూ ఒకటే మందు ఉన్నట్టు తోస్తుంది. వీధి స్థాయిలో సేకరించి, నాలా పరీవాహకం లేదా మంచినీటి సరఫరా మండలం స్థాయిలో ప్రచురించాలి. వసతిగృహాల వారి నమూనాను జనాభా నిష్పత్తికి మించి తీసుకోవాలి. వీధి వివరం ఆ వీధి ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్ర వైద్యుడి దగ్గర ఆగిపోవాలి. ఈ మూడూ ఖరీదైన పనులు కావు.

ఫారంలో రెండు గడులు

వాయిదాల మీద వాయిదా పడిన జనగణన ఇప్పుడు ముందుకొచ్చింది. ఇళ్ళ జాబితా 2026లో, జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగాలని నోటిఫికేషన్ వెలువడింది. ఆ ఫారం మార్చడం మన చేతిలో లేదు. కాని ఆరోగ్యశాఖ, నగరపాలక సంస్థ, ఆసుపత్రులు రోజూ నింపే రిజిస్టర్లు రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. వాటిలో ఇప్పుడు ఉన్న 'చిరునామా' గడిని రెండుగా చీలిస్తే సరిపోతుంది. ఒకటి, కార్డు మీద ఉన్న ఊరు. రెండు, గత పదిహేను రోజులుగా రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు. డెంగీకి, కలరాకు, క్షయకు కావలసింది రెండోదే. సంక్షేమ పథకాలకు మొదటిది చాలు.

ఆ రెండో ప్రశ్నను తెలుగులో ఎట్లా అడగాలన్నది తెలుగు శాఖలు చేయదగిన పని. 'ప్రస్తుత నివాస చిరునామా' అని అచ్చువేస్తే ఎక్కువమంది మళ్ళీ సొంత ఊరే రాస్తారు. 'నివాసం' అన్న మాటలోనే ఇల్లు, కుటుంబం అన్న ధ్వని ఉంది, వసతిగృహపు మంచం దానికి అందదు. 'ఇప్పుడు ఉంటున్న చోటు' అంటే కొంత నయం. 'మీరు రోజూ ఎక్కడ పండుకుంటరు?' అని ఆశా కార్యకర్త నోటితో అడిగితే ఇంకా నయం. ఉర్దూలోనూ ఇట్లాంటి వాక్యం కావాలి. మూడు నాలుగు రూపాలను రాసి, అశోక్ నగర్ వీధులలో వందమంది దగ్గర పరీక్షించి, ఏ రూపానికి వీధి పేరు వస్తున్నదో, ఏ రూపానికి ఊరి పేరు వస్తున్నదో చూడడం ఒక ఎం.ఫిల్. స్థాయి పరిశోధన. వాక్యనిర్మాణం మీద, మాండలికాల మీద మన విశ్వవిద్యాలయాలలో వెలువడే సిద్ధాంతగ్రంథాలలో ఒక్కటి ఈ దిక్కు తిరిగినా నారాయణగూడ ప్రయోగశాలలోని ఒక గడి సరిగా నిండుతుంది. సమాధానం ఇచ్చే యువకుడికి ఒక సందేహం తప్పక వస్తుంది: ఇక్కడి పేరు రాస్తే ఊళ్ళో రేషన్‌కార్డు పోతుందా? పోదని అదే కాగితం మీద, అదే గడి కింద, పెద్ద అక్షరాలలో అచ్చువేయాలి. 2014 ఆగస్టులో ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లనే బస్‌స్టాండ్లు అంతగా కిక్కిరిశాయి.